బుల్లమ్మ కన్నీళ్లు

కళింగపట్నం ఒడ్డున ఎండుచేపలమ్మే బుల్లమ్మ ఎవరి మాటా ఒక పట్టాన నమ్మదు. వాన రాదని టీవీలో చెప్పిన రోజే చేపల మీద టార్పాలిన్ కప్పుతుంది. డాక్టరిచ్చిన మాత్రను వాసన చూసి గానీ మింగదు. ఎవరైనా మాట్లాడుతుంటే మెడ వాల్చి, ఒక కన్ను చికిలించి, వాళ్ల కళ్లనే చూస్తుంది. మొన్న నాయకుడి సభకు మొగుడు ఎర్రయ్యతో వెళ్లి ముందు వరసలో కూర్చున్నప్పుడూ అలాగే చూసింది. నాయకుడి చూపు జనం మీద లేదు. ఎదురుగా నిలబెట్టిన గాజుపలక మీద పాకుతోంది. "సదువుతన్నాడు," అంది మొగుడి చెవిలో. అంతలో నాయకుడి గొంతు వణికింది. "ఈ ఊళ్లో ఎండుచేపలమ్మే మా అక్క బుల్లమ్మ, భర్తను సముద్రం మింగేసిందని నా చేతులు పట్టుకుని ఏడ్చింది!"

బుల్లమ్మ దిగ్గున లేచి, ఎర్రయ్యను రెక్క పట్టి లేపింది. "ఓలమ్మ! అదేటి మాట బాబూ? మా ఆయన ఇడిగో, బతికే ఉన్నాడు. నాను నిన్ను సూడ్డం ఇదే!" నాయకుడు ఆమెను చూసి, మళ్లీ గాజుపలక వైపు చూశాడు. "ఆ కన్నీళ్లు నేను మరిచిపోలేను," అని చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. బుల్లమ్మ పక్కింటి కుమారి కూడా కొట్టింది. తిరిగి వస్తుంటే ఆ కుమారే దగ్గరకు జరిగి, ఎర్రయ్యను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించింది.

"అంత పెద్దోళ్లు ఊరికే సెప్పరు కదే. నిజం సెప్పు బుల్లమ్మా, ఈయనకి ముందు నీకింకో మొగుడుండేవోడేటి?"