కదపొద్దన్న కుండీ

మా పక్కింటి టీచరుగారు మొన్న ఆదివారం పోయారు. సత్తెనపల్లిలో ఆవిడ దగ్గర సైన్సు చదువుకున్న ఆడపిల్లలు కొందరు ఇప్పుడు అమ్మమ్మలు. సమాధి దగ్గర మా చర్చి సంఘ పెద్ద మైకు వదల్లేదు. "సంఘానికి ఆమె పువ్వులాంటి మనిషి" అన్నాడు. బతికుండగా ఏళ్ల తరబడి ఆమె ముఖం చూడని మనిషి. ఆ మాట విన్నాక ఇది రాయక తప్పలేదు.

టీచరుగారి వరండాలో ఒక క్రిస్మస్ కాక్టస్ ఉండేది. పెద్ద ముళ్లు లేని జెముడు, బల్లపరుపు ఆకులు ఒకదాని కొసకి ఒకటి అతికించినట్టు వేలాడతాయి. మిర్చి నేలమీదే గలగలలాడేలా ఎండే మా వేసవిలో దాన్ని బతికించడమే కష్టం. ఆవిడ ఉత్తరపు నీడలో, తడి ఇసుక పోసిన పళ్లెం మీద ఉంచేవారు. అక్టోబరు రాగానే నీళ్లు తగ్గించి, సాయంత్రం అయిదున్నరకి దానిమీద అట్టపెట్టె బోర్లించేవారు. పొద్దున ఏడు దాటాకే తీసేవారు. పొడుగాటి చీకటి లేకపోతే అది మొగ్గ వేయదట. అలా ఆరు వారాలపాటు ఎవరింట్లో పెళ్లయినా అయిదింటికల్లా ఇంట్లో ఉండేవారు.

ఓసారి నేనొక ముక్క అడిగి తీసుకెళ్లి, రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టాను.

"దానికి దాహం వేసిందా, నీకు పొద్దుపోలేదా?" అన్నారు. ఇంకో ముక్క ఇచ్చారు. మూడు చంపాక నాలుగోది బతికింది. ఎగతాళీ మానలేదు, ఇవ్వడమూ మానలేదు.

ఒక ఏడు ఆ మొక్క ఒళ్లంతా మొగ్గ వేసింది. సంఘ పెద్ద కంట్లో పడింది. అతనికి పూలంటే ఫోటోలో తన వెనక ఉండేవి. క్రిస్మస్‌కి చర్చిలో పెడదామన్నాడు.

"విచ్చేదాకా కదపొద్దండి, మొగ్గలు రాలిపోతాయి. పూశాక నేనే తెస్తాను" అన్నారు టీచరుగారు.

"దేవుడి పనికి కూడా షరతులా?" అన్నాడు.

ఆ వారమే ఆవిడ కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్లారు. తాళంచెవి నాకిచ్చారు. నేను అలంకరణ కమిటీలో ఉన్నాను. అతను ఆటో పంపగానే తాళం తీసి, కుండీ ఎత్తి పెట్టింది నేనే. ఆవిడకి ఫోన్ చేద్దామనిపించింది, చేయలేదు. పెద్దాయనకి కాదని చెప్పే దమ్ము లేదు.

చర్చిలో దాన్ని ఫోకస్ లైటు కింద పెట్టారు. వచ్చినవాళ్లల్లా చెంబెడు నీళ్లు పోశారు. మూడోనాటికి మొగ్గలన్నీ బల్ల మీద రాలాయి. అప్పుడా పెద్దమనిషి బజారునుంచి ప్లాస్టిక్ పూలు తెప్పించి, ఆకుల కొసలకి తీగతో కట్టించాడు. "దూరంనుంచి ఎవరికి తెలుస్తుందమ్మా" అన్నాడు. కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

పండగ ఉదయం టీచరుగారు నల్లద్దాలతో వచ్చారు. ఆరాధన ఇంకా మొదలుకాలేదు. అందరూ చూస్తుండగా ఒక్కొక్క తీగా విప్పి, పూలన్నీ సంఘ పెద్ద చేతిలో పెట్టారు.

"ఇవి మీవి. మొక్క నాది."

"పండగ పూట ఇంత పొగరు పనికిరాదండి."

"పూయలేదని చెబితే దేవుడికి కోపం రాదు. మీకు సిగ్గేసింది, అంతే."

వారం తిరక్కుండా, ఆవిడ చర్చి పిల్లలకి చెప్పే సండేస్కూలు ఆవిడనుంచి తీసేశారు. చూపు మందగించిందట, విశ్రాంతి కావాలట. ఆ చూపుతోనే ప్లాస్టిక్కుని గుమ్మంలోంచి పట్టేశారు మరి. సంఘ కమిటీ పెట్టిన ఆ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను. ఆ కమిటీమీద నాకున్న అసహ్యంలో నా వాటా నాకుంది.

నెలకి ధైర్యం తెచ్చుకుని వెళ్లి, కుండీ ఇచ్చింది నేనేనని చెప్పాను.

"తాళంచెవి నీ దగ్గరేగా ఉంది, ఇంకెవరిస్తారు?" అని కాఫీ కలిపారు. తాళంచెవి వెనక్కి అడగలేదు. ఆ క్షమకి నేను తగనని ఇప్పటికీ అనుకుంటాను.

మరుసటేడు మొక్క మళ్లీ పూసింది. అన్నీ విచ్చాక ఆవిడే ఎత్తి వీధి పిట్టగోడ మీద పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. సంఘ పెద్ద ఆ వీధి మాని చుట్టూ తిరిగి వెళ్లేవాడు. పండగ బట్టల్లో పిల్లలు మాత్రం గోడ కింద గొంతుక్కూర్చుని, కిందికి వేలాడే గులాబీరంగు పూలలోకి మెడలు ఎత్తి చూసేవాళ్లు. లోపల టీచరుగారు, తనని చూసి వాళ్లు లేచిపోకుండా, తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు.