రంగు వేయని పూలు

అమెరికాలోని బాతెల్‌లో మా పక్కింట్లో ఉండిన జపనీస్ ఆవిడకు నేను చేసిన పని ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకు తెలుసు కానీ, ఆయనకు తెలిసింది సగమే.

ఆవిడకు ఎనభై దాటాయి. ఈ దేశంలోనే పుట్టి పెరిగింది. చూపు మధ్యలో మసక కమ్మి, మనుషుల్ని గొంతును బట్టే గుర్తుపట్టేది. శనివారాలు నేను కాస్త పప్పూ అన్నం పట్టుకెళితే, ఇంగ్లీషులో మా కబుర్లు సాగుతుండగానే ఓ అట్ట ఫోల్డర్ తెరిచేది. అందులో కబుకి అనే పాతకాలపు జపాన్ నాటకాలాడిన ఒక నటుడి బొమ్మ. నూట యాభై ఏళ్ళ కిందటిది. ఒక్కో రంగుకూ ఒక్కో చెక్క చెక్కి, కాగితం మీద అద్దిన అచ్చు. మన కూచిపూడిలో లాగే అక్కడా ఆడవేషం మగవాళ్ళే కట్టేవారట. నుదుటి మీద ఊదారంగు గుడ్డ ఉంటే ఆడవేషగాడని గుర్తట, గొరిగిన తల కనబడకుండా కట్టేది. ఆవిడ ముత్తవ్వ ఆట చూసి వస్తూ నాటకశాల బయట ఆ బొమ్మ కొనుక్కుంది. మనవాళ్ళు అభిమాన హీరో బొమ్మను ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకోలేదూ, అలాంటిదే.

కనబడని మనిషికి బొమ్మెందుకు అని మొదట్లో అనుకునేదాన్ని. ఓ రోజు నా వేలు పట్టుకుని ఆ నటుడి తెల్లటి అంగీ మీద పెట్టింది. కంటికి ఉత్త తెలుపే. వేలికి మాత్రం పూలు తగిలాయి. రంగు పూయని చెక్క మీద కాగితాన్ని గట్టిగా నొక్కి తేల్చిన పూలు.

"రోజూ వీటిని చూసుకుంటా," అంది. చూసుకుంటా అనే అంది.

ఫోల్డర్ అంచులు చిరిగిపోయాయని, కొత్తది కొనిపెట్టమని, కొలతకు బొమ్మతో సహా నా చేతికిచ్చింది. అడిగింది అంతే. నా అతితెలివి ఊరుకుంటుందా? అపురూపమైన కాగితం కనబడితే లామినేషన్ చేయించడం మా ఇంటి ఆచారం. నా టెన్త్ సర్టిఫికెట్ నుంచి మా అమ్మ కుట్టుపని డిప్లొమా దాకా అన్నీ ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి. ఫోల్డర్ కొన్న షాపులోనే ఆ మెషీన్ కూడా ఉంది. కౌంటర్ దగ్గరావిడ, పాతదిలా ఉంది, నిజంగా చేసేయమంటారా అని రెండుసార్లు అడిగింది.

"చేసేయండి, మెరవకుండా మ్యాట్‌ది వేయండి," అన్నాను, ఏదో తెలిసినదానిలాగా.

కారులో కూర్చుని చూసుకుని మురిసిపోయాను. ఇక వందేళ్ళు చెక్కుచెదరదు అనుకుంటూ ఆ తెల్ల అంగీ మీద వేలు పెట్టాను. ఏమీ తగల్లేదు. వేడి రోలర్ల కింద పూలన్నీ అణిగిపోయాయి. అక్కడే, ఆ పార్కింగ్ లాట్‌లోనే ఏడ్చాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఎందుకంత టెన్షన్ పడతావ్? ఆవిడకి సరిగ్గా కనబడదుగా. పేపర్ లాగే ఉంది. చుట్టూ బోర్డర్ లాంటిదేదైనా అంటించి ఇచ్చేయ్."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది చాలక ఆ కాలితోనే ఇల్లంతా తిరిగాను. ప్లాస్టిక్ అంచులు కత్తిరించి, చేతికి తగలకుండా చుట్టూ మందపాటి కాగితం చట్రం అంటించాను. ఎంత శ్రద్ధగా అంటించానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం పట్టుకెళ్ళాను. ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫోల్డర్ తెరిచి వేళ్ళు అంగీ మీద పెట్టింది. ఒకసారి తడిమింది. మళ్ళీ నెమ్మదిగా తడిమింది. చూపుడువేలు తీసి ఉంగరంవేలితో చూసింది. ఆ తర్వాత ఎడమచెయ్యి. నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అడుగుతుంది, అడగ్గానే చెప్పేద్దాం అనుకున్నాను. సిగ్గులేని మనసు, అడిగితేనే చెబుతుందట.

ఆవిడ అడగలేదు. వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"నా షుగర్‌కి కళ్ళ తర్వాత వేళ్ళు మొద్దుబారతాయని డాక్టర్ ముందే చెప్పాడు," అంది. "ఇంత తొందరగా అనుకోలేదు."

తర్వాత ఫోల్డర్ మూసి, తడుముకుంటూ నా వైపు జరిపింది.

"ఇది నువ్వు ఉంచుకో. నీ వేళ్ళకైనా పూలు తెలుస్తాయి."

నేను ఫోల్డర్ అందుకుని, థాంక్యూ అన్నాను.