అల్మరాలో ఆగిపోయిన నాలుగో పేరా

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను తిరుమలగిరిలోని ఒక శిక్షణ కేంద్రానికి హెడ్ క్లర్కుగా పంపారు. అప్పటికి నేను సుబేదారును. ఎనిమిదో తరగతితో బడి మానేసి జవానుగా చేరి, పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకుని, సైన్యం పెట్టే పరీక్షలు రాసి క్లర్కునయ్యాను. కాగితం మీదున్న మాటకు నేనిచ్చే విలువ కాలేజీ చదువులు చదివినవాళ్లు ఇవ్వరు. ఈ మాటకు వాళ్లకు కోపం వస్తే రానివ్వండి.

నన్ను వేసిన విభాగాన్ని ‘అనుభవ పాఠాలు’ అనేవారు. మిత్రదేశాల సైన్యాలతో కలిసి విన్యాసాలు చేసేటప్పుడూ, ఎవరికి వాళ్లు చేసుకునేటప్పుడూ ఏది చెడిపోయింది, ఎందుకు చెడిపోయింది, ఏం మార్చుకోవాలి అని రాసి ఒకరికొకరు పంపుకుంటారు. ఒక దేశం ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నది ఇంకో దేశం చదివి నేర్చుకోవాలని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. వచ్చిన కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించి, ఇన్‌చార్జి మేజరు గారి ముందు పెట్టడం నా పని.

అక్కడ ఒక అలవాటు ఉండేది. పంపిన దేశం ‘పరిమితం’ అని రాసిన కాగితం మీద మేము ఒక మెట్టు పెంచి ‘గోప్యం’ ముద్ర వేసేవాళ్లం. అలా వేయాలని ఏ నియమావళిలోనూ లేదు, నేను వెతికాను. విదేశీ కాగితం బయటికి పొక్కితే ఉద్యోగం పోతుందని ఎప్పుడో ఎవరో భయపడి మొదలుపెట్టారు, తరవాత వచ్చినవాళ్లు ఎందుకని అడగకుండా కొనసాగించారు. ‘పరిమితం’ అయితే జవాన్లను కూర్చోబెట్టి చదివి వినిపించవచ్చు. ‘గోప్యం’ పడిందంటే నకలు తీయకూడదు, అనువదించకూడదు, అధికారులే చూడాలి. వాళ్లు వరసగా చూసి ఒక చీటీ మీద సంతకం పెడతారు, కాగితం ఇనుప అల్మరాలోకి పోతుంది.

ఆ అక్టోబరులో ఒక మిత్రదేశం నుంచి వచ్చిన కాగితంలో నాలుగో పేరా రేడియో బండ్ల గురించి. రేడియో బండి అంటే లారీ మీద బిగించిన చిన్న రేకు గది. లోపల సెట్లు, ఆపరేటరు, బయట గోడకు ఆనుకుని జనరేటరు. శత్రువుకు కనబడకుండా బండి మీద ఆకుల రంగు వల కప్పుతారు. వర్షాకాలంలో ఆ వల మీద టార్పాలిన్ కూడా వేసి నేలదాకా దించితే, జనరేటరు పొగ బయటికి పోయే దారి లేక గదిలోకి చేరుతుందని, అందులోని విషవాయువుకు వాసన ఉండదని, తమ మనుషులు ఇద్దరు అలా చనిపోయారని వాళ్లు రాశారు. జనరేటరు ఉన్న వైపు వలను మనిషెత్తున పైకి కట్టండి, పొగ గొట్టాన్ని వల బయటిదాకా పొడిగించండి అని సలహా. అంతే, ఆరు వాక్యాలు.

మా దగ్గర ఉన్నవీ అలాంటి బండ్లే, అలాంటి వలలే. నేను ఆ పేరాను హిందీలో ఒక పేజీ చేసి మేజరు గారికి ఇచ్చాను. బాగా రాశారు సాబ్ అని మెచ్చుకున్నారు. కానీ గోప్యం కాగితాన్ని అనువదించారని తెలిస్తే ముందు మీ పింఛను పోతుంది, తరవాత నాది అని నవ్వుతూ చింపేశారు. ముద్ర తగ్గించమన్నాను. పంపిన దేశం అనుమతి కావాలన్నారు. పెంచింది మనమే కదా అన్నాను. ఆయన టీ తెప్పించారు. నేను ఆ టీ తాగి వచ్చేశాను. జరిగినదాంట్లో నా వాటా అది.

మా ఆఫీసు ఫోన్లు బాగుచేయడానికి సైన్యంలో ఫోన్లు, రేడియోలు చూసే సిగ్నల్స్ విభాగం నుంచి శ్రీశైలం అనే లాన్స్ నాయక్ వచ్చేవాడు. బన్సీలాల్‌పేటవాడు. ఒకసారి అల్మరా చూసి, “ఏం సాబ్, గంత పెద్ద తాళమేసిన్రు. లోపల బంగారమున్నదా ఏంది?” అన్నాడు.

“చదువుకునే కాగితాలయ్యా” అన్నాను.

“గట్లనా. మా చిన్నప్పుడు సార్లు పుస్తకాలకు గిట్ల తాళమేసుంటే మస్తు సుఖపడెటోళ్లం.”

మరుసటి ఆగస్టులో, ఊరి బయట మైదానంలో విన్యాసం. మూడు రోజులు ఆగని వాన. మూడో రోజు మధ్యాహ్నం శ్రీశైలం డ్యూటీలో ఉన్న రేడియో బండి నుంచి జవాబు రావడం ఆగిపోయింది. తోటి ఆపరేటరు అన్నం తిని వచ్చి తలుపు తీసేసరికి అతను కుర్చీలోనే, చెవులకు హెడ్‌ఫోన్లతో ఉన్నాడు. ప్రాణం లేదు. వల, టార్పాలిన్ రెండూ నేలను తాకుతున్నాయి.

చావుకు కారణం తేల్చడానికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేశారు. వేరే యూనిట్ నుంచి వచ్చిన ఒక లెఫ్టినెంట్ కర్నల్ దానికి అధ్యక్షుడు. నివేదిక చిత్తుప్రతి టైపు చేసే పని మా ఆఫీసుకే వచ్చింది. ‘మృతుడు ఆదేశాలకు విరుద్ధంగా తలుపు మూసుకుని నిద్రించినందున’ అని ఒక వాక్యం. వానలో తలుపు తెరిస్తే సెట్లు తడుస్తాయి, అందరూ మూసేవారే. నిద్రించాడని ఏ సాక్షీ చెప్పలేదు.

ఆ వారమే అతని అన్న మల్లేశ్ తమ్ముడి ట్రంకు పెట్టె తీసుకోవడానికి వచ్చాడు. ఆటో మెకానిక్కు. సంతకం పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

“డ్యూటీల పండుకున్నడని రాస్తున్రంట గదా సాబ్?”

నేను అతను సంతకం పెట్టిన రసీదును ఫైల్లో పెట్టాను.

“మూసిన షెడ్డుల బండి షురూ చేస్తే మేం ముందుగాల షట్టర్ లేపుతం. గింత పెద్ద ఫౌజుల గీ ముచ్చట ఎవ్వరికి తెల్వదా?”

తెలుసు. సంతకాల చీటీ ప్రకారం తొమ్మిది మంది అధికారులకు తెలుసు, పదోవాణ్ణి నేను. చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు కాబట్టి తప్పు అతని నెత్తిన పెట్టి ఫైలు మూసేస్తున్నారు. అతని భార్యా పిల్లలు బతికినంతకాలం మోయాల్సిన వాక్యం అది.

మర్నాడు నేను సాక్ష్యం చెప్తానని రాసిచ్చి, రిజిస్టరు పట్టుకుని విచారణకు వెళ్లాను. మా మేజరు గారు అక్కడే ఉన్నారు. ఆ కాగితం గోప్యం, దాని గురించి ఇక్కడ మాట్లాడటానికి లేదు అన్నారు. కాగితం గోప్యం, అది వచ్చిందన్న సంగతి గోప్యం కాదు అన్నాను. అధ్యక్షుడు అందులో ఏముందని అడిగారు. చెప్పే అధికారం నాకు లేదు, తెప్పించుకుని చదివే అధికారం మీకుంది అన్నాను. ఆయన తెప్పించుకున్నారు. నాలుగో పేరా రెండుసార్లు చదివి, సంతకాల చీటీ చూసి, నన్ను పంపేశారు.

తుది నివేదికలో నిద్ర వాక్యం తీసేశారు. మృతుడి తప్పేమీ లేదు, అసాధారణ వర్షం వల్ల జరిగిన ప్రమాదం, బాధ్యులెవరూ లేరు అని రాశారు. వలలు పైకి కట్టాలన్న ఆదేశం అన్ని యూనిట్లకూ నాలుగు రోజుల్లో వెళ్లింది. పది నెలలుగా కాని పని నాలుగు రోజుల్లో ఎలా అయిందని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది మేము మిత్రదేశానికి పంపిన కాగితంలో రేడియో బండ్ల గురించి ఉండాల్సిన చోట ‘పరిశీలనలు లేవు’ అని వెళ్లింది. మీరు చెప్పినా మేము వినలేదని ఒప్పుకోవడం దేశానికి చిన్నతనమట. నాకు మెచ్చుకోలూ రాలేదు, శిక్షా పడలేదు. స్టోర్సుకు మార్చారు.

నివేదిక సంగతి మల్లేశ్‌కు నేనే బన్సీలాల్‌పేట వెళ్లి చెప్పాను.

“తమ్మునిది తప్పు లేదని రాసిన్రు, మంచిగైంది. మరి ఎవరిది సాబ్?”

ఎవరిదీ కాదని రాశారని చెప్పాను.

“ఎవరిది గాకుంటే మల్లొకసారి సుత గిట్లనే అయితది గదా” అని పానా తీసుకుని పనిలో పడ్డాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తేల్చుకున్నది ఇదొక్కటి. వానలో నిలబడి వల కట్టే జవానుకు తెలిసినప్పుడే ఆ పాఠం మనకు అందినట్టు. ఆ నాలుగో పేరా ఆ ఆగస్టుదాకా మాకు అందలేదు. అందినట్టు రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది. అది తప్పుడు నమోదు.