మానాక విప్పాలి

పెద్ద సిస్టర్ పోయారన్న కబురు నాకు వినుకొండలో, ఓపీ మధ్యలో అందింది. జ్యోతి ఫోన్ చేసి, "పొద్దున చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నారంట, అట్టాగే పోయారంట" అని ఏడ్చేసింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ కాగితం ఎక్కడుందో, ఎవరి చేతిలో పడుతుందో అని భయం పట్టుకుంది. నన్ను కూతురిలా చూసిన మనిషి పోతే నాకు గుర్తొచ్చింది కాగితం.

ప్రత్తిపాడు దగ్గర మేం ముగ్గురం, అంటే నేను, జ్యోతి, నవీన్, కొత్తగా డాక్టర్లమై చేరిన ఆసుపత్రిలో ఆవిడ హెడ్ నర్సు. పేషెంట్ల ముందు మమ్మల్ని "డాక్టర్ గారూ" అనేవారు. వాళ్ళు అటు తిరగ్గానే "ఏరా అబ్బాయ్, ఆ చేతులు కడిగావా?" అని మొదలుపెట్టేవారు. ఆవిడకో అలవాటు. ఏ కట్టు కట్టినా, పైన ప్లాస్టర్ మీద దాన్ని ఎప్పుడు విప్పాలో పెన్నుతో రాసేవారు. 'గురువారం విప్పాలి.' 'తడిస్తే విప్పాలి.' వరికోతల్లో కొడవలితో చెయ్యి తెగి వచ్చిన ఒకాయనకి 'నేనే విప్పాలి' అని రాసి పంపారు. నేను నవ్వితే, "నీకు తెలీదమ్మా, లోపల ఎట్టా ఉందోనని రోజూ విప్పి చూస్తారు. చూస్తే మానుతుందా?" అన్నారు.

అప్పట్లో మేం ఫోన్‌తో ఒక కామెడీ సీరియల్ తీసేవాళ్ళం. ఒక ఆసుపత్రి, అందులో కుర్ర డాక్టర్లు, వాళ్ళ స్నేహాలు, కీచులాటలు, పైకి చెప్పుకోని ప్రేమలు. నెట్‌లో పెడితే ముందు మా అమ్మావాళ్ళు చూశారు, తర్వాత వార్డులో పేషెంట్ల చుట్టాలు చూశారు, ఆ తర్వాత ఎవరెవరో చూడటం మొదలుపెట్టారు. దుప్పట్లు దాచే గది తాళం పెద్ద సిస్టర్ దగ్గర ఉండేది. భోజనాలయ్యాక షూటింగ్‌కి గంటసేపు ఇస్తానన్నారు గానీ, తీయబోయేది ముందు కాగితం మీద తనకి చూపించాలన్నారు.

కేస్ షీట్ దిద్దినట్టే దిద్దేవారు, ఎర్ర పెన్నుతో. "మీ హీరో గ్లవుజులతోనే టీ తాగుతున్నాడు. ఇట్టాంటోడికి పిల్లనెవరిస్తారు?" అని ఒకసారి. "ఇంజెక్షన్ ఇచ్చి సూది మంచం మీద పెట్టిందేంటి మీ హీరోయిను? ప్రేమలో ఉంటే మాత్రం?" అని ఇంకోసారి. నాకు ఒళ్ళు మండేది. రాసేది నేను కదా మరి. హీరో నవీన్, హీరోయిన్ జ్యోతి. కెమెరా ముందుకొస్తే నేను బిగుసుకుపోతాను, అందుకని రాయడం, ఫోన్ పట్టుకోవడం నా వంతు.

నవీన్ అంటే నాకు ఇష్టం. ఇన్నేళ్ళకి ఈ వాక్యం మొదటిసారి రాస్తున్నాను. "ఒరేయ్ రైటరూ" అంటూ నా క్యారేజీలో దోసకాయ పప్పు సగం తినేసే మనిషి. వాడి మొహం చూసి ఏమీ చెప్పలేక, చెప్పాలనుకున్నవన్నీ రాసి జ్యోతి చేత చెప్పించేదాన్ని. నా మాటలు ఆమె చెబుతుంటే వాడి కళ్ళెలా ఉంటాయో ఫోన్ తెరలో చూసుకునేదాన్ని. ఎంత తెలివైన ఏర్పాటో అని మురిసిపోయాను కూడా.

ఒకరోజు హీరోయిన్ తన మనసు బయటపెట్టే సీన్ రాశాను. "డ్యూటీ దిగేటప్పుడు రోజూ స్టెత్ కనపడక వెతుక్కుంటావు చూడు, అది నేనే దాస్తాను. వెనక్కి వస్తావని." పెద్ద సిస్టర్ ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"స్టెత్ దాచేది జ్యోతమ్మ కాదుగా?" అన్నారు.

నా బ్యాగులోంచి నవీన్ స్టెత్ బయటికి వేలాడటం ఆవిడ ఎప్పుడు చూశారో నాకు తెలీదు. పెన్ను తీసి ఆ డైలాగు పక్కన రాశారు: 'ఇది రాసినమ్మాయి మాట. ఆమే చెప్పాలి.'

"షూటింగ్ టైమైంది సిస్టర్, ఇచ్చెయ్యండి" అన్నాను.

"షూటింగ్ రేపైనా తీసుకోవచ్చు. ఇది పరాయి నోటితో చెప్పించాక మళ్ళీ నువ్వు చెప్పుకోలేవమ్మా."

నాకు పిచ్చి కోపం వచ్చింది. దొరికిపోయినవాళ్ళకి వచ్చే కోపం. "మీ పని సూదులూ మందులూ. అవి చూసుకోండి, చాలు" అన్నాను. ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తాళం నా చేతికిచ్చి వార్డులోకి వెళ్ళిపోయారు.

గుర్తున్నంత మేరకు మళ్ళీ రాసి ఆ మధ్యాహ్నమే తీశాం. ఆ మాటకి హీరో పకపకా నవ్వాలని రాశాను. నవీన్ నవ్వలేదు. జ్యోతి వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. జ్యోతి తల దించుకుంది. కట్ చెప్పాల్సింది నేనే. దుప్పట్ల మధ్య ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నారు. ఎక్కడ కలిసినా, "మమ్మల్ని కలిపింది నువ్వు రాసిన డైలాగే" అని పదిమందికీ చెబుతారు. నేను నవ్వుతాను. ఆ నవ్వు నాకిప్పుడు బాగా వచ్చేసింది.

పెళ్ళిలో పెద్ద సిస్టర్ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నారు. నా ప్లేటులో ఇంకో గరిటె వడ్డించమని చెప్పి, "తినమ్మా, నిలబడే ఓపిక కావాలిగా" అన్నారు. నేను చెప్పలేదా అని ఆ రోజు అనలేదు, తర్వాతా అనలేదు. ఆ సూదుల మాటకి క్షమాపణ అడుగుదామని ఏటా క్రిస్మస్‌కి ప్రత్తిపాడు వెళ్ళేదాన్ని. కేకు తిని, బీపీ చూసి, వచ్చేసేదాన్ని. వచ్చే ఏడు అడగొచ్చులే అనుకునేదాన్ని.

కబురు తెలిసి వెళ్తున్న ఆ రోజు బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. నరసరావుపేట దాటాక కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి, అందరూ ఘాటుకి దగ్గుతున్నారు, నేను ఆ వంకన కళ్ళు తుడుచుకున్నాను. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఆవిడ చెల్లెలు ఒక గుడ్డసంచీ తెచ్చి, "అక్క మీ కాగితాలు దాచుకుందమ్మా" అని మా ముగ్గురి ముందు పెట్టింది. నేను అందుకునేలోపే జ్యోతి తీసింది. ఒక్కో పేజీ, ఒక్కో ఎర్ర గీత. ఏడుస్తూనే నవ్వుకుంటున్నారు ఇద్దరూ. నా కళ్ళు ఆ ఒక్క పేజీ కోసం వెతుకుతున్నాయి.

"ఇదేంటి, దీనికి కట్టు కట్టారు?" అన్నాడు నవీన్.

ఆ పేజీయే. నా డైలాగు మీద, పక్కన తను రాసిన మాట మీద, వెడల్పాటి ప్లాస్టర్ నున్నగా అంటించి ఉంది. దాని మీద ఆవిడ చేతిరాత: 'మానాక విప్పాలి.'

"విప్పి చూద్దామా?" అంది జ్యోతి, అంచు మీద గోరు పెట్టి.

"వద్దు" అన్నాను, కాస్త గట్టిగానే. ఇద్దరూ నా మొహం చూశారు. జ్యోతి గోరు తీసేసి కాగితం నాకిచ్చేసింది.

నాలుగు రోజులు బ్యాగులో మోశాను. ఇవాళ పొద్దున ఓపీ మొదలవబోతుంటే ఉండబట్టలేక లాగేశాను. కాగితం పై పొర, నా నీలం అక్షరాలు, ఆవిడ ఎర్ర అక్షరాలు, అన్నీ ప్లాస్టర్‌తో పాటే ఊడొచ్చాయి. పేజీలో తెల్లటి గరుకు మరక మిగిలింది. అందుకే ఇది రాస్తున్నాను. నవీన్, జ్యోతీ, నెట్‌లో పెట్టాక మీరిది చదువుతారని తెలుసు. మీ తప్పేమీ లేదు. ఆ మాట నాది, ఇప్పుడు నేనే చెప్పాను, అంతే. ఇవాళ మాత్రం ఫోన్ చెయ్యకండి, ఎత్తలేను. సిస్టర్, ఆ రోజన్న మాటకి నన్ను క్షమించండి.

లాగిన ప్లాస్టర్ నా వేలికి చుట్టుకుని ఎంతకీ వదల్లేదు. అలాగే మొదటి పేషెంటుని పిలిచాను. మిరపకోతలకి వెళ్ళి కళ్ళు మండుతున్నాయని వచ్చిన పెద్దావిడ. నేను కళ్ళు చూడబోతే తను నా చెయ్యి పట్టుకుంది.

"వేలికేమైంది డాక్టరమ్మా?"

"పాతదేలేమ్మా. మానిపోయింది."

ఆవిడ మండే కళ్ళు చికిలించి, ప్లాస్టర్ మెల్లిగా ఒలిచి, వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏదీ, గాటే లేదే" అంది.