మా అత్త మొహాన్ని ఎవరు అమ్మారు?

"అమ్మ పోయింది పాపా" అని అత్త కూతురు, మా వదిన, ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను. ఆటో పట్టుకుని ముత్యాలపేట వచ్చేసరికి, వీధి మొదట్లో కరెంటు స్తంభం మీద మా అత్త నవ్వుతూ కనిపించింది.

నిలువెత్తు ఫ్లెక్సీ. పైన తమిళంలో కన్నీటి అంజలి అని రాసి ఉంది. మధ్యలో మా అత్త. కింద, ఆమె పేరు కన్నా పెద్ద అక్షరాల్లో, మా వీధిలో ఉన్న రక్తపరీక్షల ల్యాబు పేరు, దాని ఫోన్ నంబరు, 'ఇంటికే వచ్చి శాంపిల్ తీసుకుంటాం' అన్న మాట. ఇంట్లో ఆమెకు ఇంకా స్నానం కూడా చేయించలేదు. ప్రకటన మాత్రం తయారైపోయింది.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు, చదివేవాళ్లు మన్నించాలి.

ఆ బోర్డును వదినే దించింది. జుట్టు కూడా ముడేసుకోకుండా, వంటింట్లోంచి కత్తి తీసుకుని వీధిలోకి వచ్చేసింది. "మా అమ్మను దించుకుంటాండా. అడ్డం వచ్చేవాళ్లు ఎవురన్నా ఉంటే రండి" అంది. ఎవరూ రాలేదు. తాళ్లు కోసి, తల్లి మొహం లోపలికి వచ్చేలా మడత పెట్టి, చంకలో పెట్టుకుని లోపలికి పోయింది. ఆ తర్వాతే ఏడ్చింది.

అత్త మా నాన్నకు అక్క. నాకు మేనత్త. వీధికంతటికీ సిస్టరమ్మ. ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. ఈ తమిళ ఊళ్లో ఉన్నా మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటాం గానీ, చదవడం వచ్చినవాళ్లు అరుదు. అత్తకూ తమిళమే చదవడం వచ్చు. నేను తిరుపతి హాస్టల్లో చదువుకోవడం వల్ల ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

బయటినుంచి వస్తే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గానీ అత్త దేన్నీ ముట్టుకునేది కాదు. కళ్లజోడు ఎప్పుడూ తలమీదే ఉండేది, దాన్ని వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగేది. ఎవరైనా ఒంట్లో బాగాలేదని వస్తే మందు చెప్పేది కాదు. "నేను డాక్టర్ను కాదుమా. పద, డాక్టర్ యాడ ఉన్నాడో ఆడికి పోదాం" అని చెప్పులేసుకునేది. నలుగురు చెప్పుకునేది కూడా ఆ చెప్పులేసుకోవడం గురించే.

నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ పెద్దాసుపత్రి అంటేనే భయపడేదట. నడుచుకుంటూ పోయినవాళ్లను మోసుకుని వస్తారని వీధిలో ఎవరో చెప్పారు. అత్త ఆమెకు ధైర్యం చెప్పలేదు. ముందుగానే చేయిపట్టుకుని వార్డుకు తీసుకుపోయింది. పడుకోబోయే మంచం చూపించింది, నీళ్లు వచ్చే కుళాయి చూపించింది, అరుపులు వినిపించే గది బయట కాసేపు కూర్చోబెట్టింది. "ఇంత నొప్పి నీకూ పుడతాది. నేను ఈడనే ఉంటా" అంది. అమ్మ ఇప్పటికీ అంటుంది, ఆ రోజు తన భయం పోలేదట, నమ్మకం మాత్రం వచ్చిందట. రెండూ వేరని తనకు అప్పుడే తెలిసిందట.

కొత్తగా చేరిన నర్సులకు కూడా అత్త అదే చెప్పేది. "నొప్పి పుట్టదని చెప్పబాకండి. అబద్ధం ఒక్కసారి తెలిసిపోతే, ఆ మనిషి మళ్లీ మన గడప తొక్కదు. ఆ మనిషి కూతురు కూడా తొక్కదు."

ల్యాబు మా వీధికి వచ్చింది అత్త రిటైరయ్యాక. గాజు తలుపు, ఏసీ, తెల్ల సోఫాలు. ఎవరూ లోపలికి పోలేదు. చెప్పులు బయట విడవాలో లేదో తెలియని చోటికి మావాళ్లు పోరు. నెలల తరబడి అది మెరుస్తూ ఖాళీగా పడి ఉంది. దాన్ని పెట్టిన కుర్ర డాక్టరు చివరికి పళ్లు తీసుకుని అత్త ఇంటికి వచ్చాడు. "అమ్మా, మీరొచ్చి దీపం వెలిగిస్తే జనం వస్తారని అందరూ అంటున్నారు" అన్నాడు తమిళంలో.

అత్త పళ్లు పక్కన పెట్టి ప్రశ్నలు వేసింది. రక్తం తీసేది ఎవరు, వాళ్లు ఏం చదివారు, మిషను పాడైతే ఏం చేస్తారు. మిషను పాడైతే ఆ రోజు శాంపిల్ తీసుకోం, వేరేచోటికి పొమ్మంటాం అన్నాడతను. ఆ జవాబు అత్తకు నచ్చింది. "అట్లయితే బయట ఒక బెంచీ వెయ్యి నాయనా. తలుపు తెరిచి పెట్టు. కరెంటు బిల్లు వస్తే రానీ" అంది.

అతను బెంచీ వేశాడు. అత్త దీపం పెట్టింది, మొదటి రక్తం తనదే ఇచ్చింది. ఆ రోజు తీసిన ఫోటోనే తర్వాత ల్యాబు గోడమీదికెక్కింది. పొద్దున పూట అత్త ఆ బెంచీ మీద కూర్చునేది. పనేమీ లేదు, జీతమూ లేదు. దారిన పోయేవాళ్లు ఆగేవాళ్లు, కబుర్లు చెప్పేవాళ్లు, అలా లోపలికి పోయేవాళ్లు.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. మొదట్లో అది మంచి ల్యాబే. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకసారి మా పక్కింటాయనకు తనే ఫోన్ చేసి, "శాంపిల్ మా చేతిలో పాడైంది, తప్పు మాదే, మళ్లీ ఒకసారి రండి" అని చెప్పింది. ఆయన విసుక్కున్నాడు. అత్త మాత్రం కనిపించిన ప్రతివాళ్లకూ ఇదే చెప్పింది. "తప్పు చేసినామని వాళ్లే చెప్పినారు, విన్నావా? ఇంక ధైర్యంగా పోండి." వీధి ఆ ల్యాబును నమ్మింది గాజు తలుపు చూసి కాదు. ఆ ఒక్క ఫోన్ వల్ల, బెంచీ మీద కూర్చున్న మనిషి వల్ల.

తర్వాత కుర్ర డాక్టరు దాన్ని ఎవరికో అమ్మేసి పోయాడు. అత్తకు ఒక మాటైనా చెప్పలేదు. ఆ అమ్మాయి మానేసింది. బండ్లు పెట్టుకోవడానికి అడ్డమని బెంచీ తీసేశారు, తలుపు మూసేశారు. అత్త ఫోటోను మాత్రం పెద్దది చేసి బయటి బోర్డు మీదికి ఎక్కించారు. జనం పోతూనే ఉన్నారు. ఒకసారి కుదిరిన నమ్మకాన్ని మనిషి రోజూ తిరిగి తూకం వెయ్యడు కదా.

మా ఎదురింటి ఆండాళక్క కూడా అలాగే పోయింది. ఆమె భర్త సేదరపేట్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు, దూరం పోయి చూపించుకునే తీరిక ఆ ఇంట్లో లేదు. కాళ్లు వాస్తున్నాయని పరీక్ష చేయించుకుంది. అంతా నార్మల్ అని వచ్చింది. అత్త ఆ కాళ్లను వేలితో నొక్కి చూసి, "మళ్లీ ఒకసారి చేయించుమే" అంది. మళ్లీ నార్మల్. ఉప్పు తగ్గించుకుంటే చాలనుకున్నారు. కొన్ని నెలలకు ఆండాళక్క పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. పెద్దాసుపత్రిలో చూసి, మూత్రపిండాలు చాలా కాలంగా దెబ్బతింటూ వచ్చాయన్నారు. ఇంక జీవితాంతం డయాలిసిస్.

అత్త నన్ను వెంటబెట్టుకుని ల్యాబుకు పోయింది. కొత్త మేనేజరు లేవకుండానే, తమిళంలో అవ్వను పిలిచినట్టు, "ఏంటి పాటీ" అన్నాడు.

"ఆ మిషను చూపించు" అంది అత్త.

"బయటివాళ్లకు చూపించం."

"సరి. గోడమీద ఉండే ముసల్ది బయటిదేనా, లోపలిదా?"

అతనికి ఆ మెలిక అర్థం కాలేదు. నేను తమిళంలో విడమరిచి చెప్పాను, ఆ ఫోటో తీసేయమంటున్నారు అని. అతను నవ్వాడు. నాకేసి తిరిగి ఇంగ్లీషులో అన్నాడు, ల్యాబును గుడ్‌విల్‌తో సహా కొన్నాం, బోర్డూ ఫోటోలూ అన్నీ అందులోనే వస్తాయి అని.

"ఏందంటాడు?" అంది అత్త. గుడ్‌విల్ అంటే జనంలో ఉండే మంచి పేరు, వ్యాపారం అమ్మేటప్పుడు దానికీ వెల కడతారు అని చెప్పాను. అత్త గోడమీద నవ్వుతున్న తనకేసి చూసుకుంది.

"అట్లయితే నన్ను ఎవురు అమ్మినారు?" అంది. "నేను యాడ సంతకం పెట్టినా?"

ఇన్నాళ్లుగా ఆఫీసులో ఎన్నో పెద్ద మాటలు విన్నాను. వినియోగదారుల విశ్వాసం అంటారు, బ్రాండ్ విలువ అంటారు. ఇప్పుడు వాటిలో ఏది విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషి ఊరికోసం చెప్పులు అరగదీసుకుని సంపాదించుకున్న మాటను తీసుకుని, దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, సోఫాలతో పాటు చేతులు మార్చారు.

ఫిర్యాదు ఇచ్చాం. చాలాసార్లు తిరిగాక అధికారులు వచ్చారు. మూత్రపిండాల పరీక్ష చేసే మిషను ఎప్పటినుంచో పనిచేయడం లేదు. రిపోర్టులు మాత్రం ఆగలేదు. అంటే కూర్చుని అంకెలు టైపు చేస్తూ పోయారన్నమాట. తలుపుకు సీలు వేశారు. వీధి ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్లకే సీలు పోయింది. పేరు మారింది, రంగు మారింది, మనుషులు వాళ్లే. అత్త ఫోటో మళ్లీ వచ్చింది. సీలు వేసినవాళ్లను అడిగితే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. ఆ కాగితాల మీద ముద్ర వేసిన చేతికి సిగ్గనిపించలేదా అని అడగాలనుకున్నాను. అడగనివ్వలేదు. సాయంత్రం ఐదు కాకుండానే ఆఫీసు కిటికీ మూసేశారు.

అప్పుడు అత్త తనకు తెలిసిన పని చేసింది. ఇంటింటికీ పోయింది. "నేను చెప్పినానని మీరు ఆడికి పోయినారు. ఇప్పుడు నేనే చెప్తాండా, పోబాకండి. నా మాట వెనక్కి తీసుకుంటాండా." వయసైన మనిషి, మోకాళ్ల నొప్పులు, ప్రతి గడపలోనూ నిలబడి అదే మాట.

ఆండాళక్క ఇంటికి పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆండాళక్క అత్త చెయ్యి పట్టుకుని, "నువ్వేం చేస్తావు సిస్టరమ్మా, పావం, నీకు తెలుసునా ఏంది?" అంది.

అత్త చెయ్యి లాక్కుంది. "అట్ల చెప్పబాక. తిట్టు నన్ను. తెలుసుకోకుండా ఎట్ల చెప్పినావని అడుగు. నువ్వు అడగకపోతే ఇంకెవురు అడుగుతారు?"

ఆండాళక్క తిట్టలేదు. ఇద్దరూ ఏడ్చారు. మర్నాటినుంచి డయాలిసిస్ ఉన్న రోజుల్లో ఆసుపత్రికి పోయే గోరిమేడు బస్సులో ఆండాళక్క పక్క సీటు అత్తది.

మిగతా పొద్దుటి పూటలు ల్యాబు ఎదుట నిలబడేది. వచ్చేవాళ్లకు బోర్డు మీది ఫోటో చూపించి, "అది నేనే. నేను చెప్తాండా, లోపలికి పోవద్దు" అనేది. ల్యాబువాళ్లు పోలీసులను పిలిచారు. వచ్చిన కానిస్టేబులు, వ్యాపారానికి అడ్డం నిలబడకూడదమ్మా అన్నాడు. "నేను యాడ అడ్డం నిలబడినా? వాళ్లే నన్ను బోర్డు మీద నిలబెట్టినారు. దించమని చెప్పు, పోతా" అంది అత్త. అతను బోర్డుకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, టీ తాగడానికి పోయాడు.

చివరికి గుండె ఆమె మాట వినలేదు. ప్రైవేటులో చేరుద్దామని వదిన బతిమాలితే ఒప్పుకోలేదు. తను పనిచేసిన ప్రభుత్వాసుపత్రిలోనే, అందరిలాగే వరసలో కూర్చుని చీటీ రాయించుకుని చేరింది. అక్కడే పోయింది.

శవాన్ని తీసేముందు ల్యాబు మేనేజరు పెద్ద పూలదండతో వచ్చాడు. వెనకాల ఫోన్ ఎత్తి వీడియో తీసే మనిషి. మావాళ్లకు గుమ్మంలోకి వచ్చిన మనిషిని పొమ్మనడం రాదు, అందరూ తలలు దించుకున్నారు. కుర్చీలో కూర్చున్న ఆండాళక్క మాత్రం దించలేదు.

"ఉండు" అంది. గొంతు పెద్దగా కూడా లేదు. "ఆ మిషను పనిచేయలేదు కదా. మరి నా పేరు పెట్టి ఎవురి రక్తం రాసిచ్చినావు?"

పంతులు మంత్రం ఆపాడు. వీడియో తీసే మనిషి ఫోన్ దించేశాడు. మేనేజరు దండను పక్కనున్న కుర్చీ మీద పెట్టి, వచ్చిన దారినే పోయాడు. ఆ దండను ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం చెత్తబండికి వేశాం.

మా అత్త గొప్పదని చెప్పడానికి ఇది రాయలేదు. ఆమెకు కోపం ఎక్కువ, పంతం ఎక్కువ, మా అమ్మతో ఏళ్ల తరబడి మాట్లాడని సందర్భాలూ ఉన్నాయి. అయినా తన మాట తప్పు అని తేలినప్పుడు నడిచిపోయి వెనక్కి తీసుకున్న మనిషిని నేను ఆమెను ఒక్కదాన్నే చూశాను. ఆ ల్యాబుకు లైసెన్సు ఇచ్చినవాళ్లు, సీలు విప్పినవాళ్లు, అమ్మి పోయిన కుర్ర డాక్టరు, ఒక్కరంటే ఒక్కరు మా వీధికి వచ్చి తప్పు మాదే అనలేదు. వాళ్లందరికీ మొహాలున్నాయి. బోర్డు మీదికెక్కింది మా అత్తది.

కర్మ అయిన మర్నాడు పొద్దున నేను ఊరికే బస్టాపు దాకా నడిచాను. ఆండాళక్క డయాలిసిస్ రోజు అది. ఆమె చుట్టూ వీధిలోని ఆడవాళ్లు ముగ్గురు నిలబడి గట్టిగా వాదులాడుకుంటున్నారు. "ఈ రోజు నేను పోతా, నువ్వు ఇడ్లీకి పిండి రుబ్బాలంటివే." "పిండి యాడికీ పోదు, నేనే పోతా." "మీ ఇద్దరికీ ఆడ ఏ గది యాడ ఉండాదో తెలీదు, సుమ్మా ఊరుకోండి." ఆండాళక్క సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరివైపూ మాట్లాడకుండా నవ్వుతోంది. గోరిమేడు బస్సు వచ్చింది. వాదన తెగలేదు. ముందు ఆండాళక్కను ఎక్కించి, ఆమె వెనకాల ముగ్గురూ ఎక్కేశారు.