మణక్క గీసిన నా వీపు

మొన్న గేటుకు రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన వంటింటి దాకా వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకది మణక్క వాసన. ఆమె పోయి రెండేళ్లయినా, "ఏందిరా శీనూ, గింత పొద్దెక్కి వచ్చినవ్?" అని వెనక నుంచి కేకేస్తుందేమో అనిపిస్తుంది.

మేడ్చల్‌లో పాత దుకాణాల బోర్డులు చాలావరకు మణక్క చేత్తో రాసినవే. తండ్రి దగ్గర నేర్చుకుంది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, దేవరయాంజాల్‌లో మూతపడిన కోళ్ల షెడ్డు అద్దెకు తీసుకుని తనకు నచ్చిన బొమ్మలు మొదలుపెట్టింది. శనివారం రాత్రుళ్లు శామీర్‌పేట అవతల ఒక స్నేహితురాలి తోటలో మావాళ్లంతా చేరేవాళ్లం. మావాళ్లంటే మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, ట్రాన్స్ అక్కలు. వారమంతా బిగబట్టిన ఊపిరి అక్కడ వదిలేవాళ్లం. మణక్కా మాలో మనిషే. మాతో తెల్లవార్లూ చిందులేసి, ఆదివారం షెడ్డులో కూర్చుని అదంతా గీసేది. ఆ బొమ్మలే తర్వాత ముంబయికి, ఢిల్లీకి వెళ్లాయి. కోళ్ల షెడ్డులోంచి! తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది.

గీసే ముందు ఆమె ప్రతి ఒక్కరినీ అడిగేది: "మొఖమా, ఈపా?" ముఖం చూపించుకోలేని వాళ్లను వెనక నుంచి గీసేది. నేను ఠక్కున వీపన్నాను. కండ్లకోయలో ఒక కాలేజీ ల్యాబులో నా ఉద్యోగం. అమ్మ శామీర్‌పేటలో చేపలమ్ముతుంది. నాకున్నది ఆమె ఒక్కతే. తెలిస్తే నాతో మాట మానేస్తుందేమోనని వణికేవాణ్ణి.

బొమ్మ పూర్తయ్యాక చూశాను. పసుపు చొక్కాలో చిందులేస్తూ ఎగురుతున్నాను, కుడి భుజం కిందికి వాలి ఉంది. చిన్నప్పుడు అమ్మతో చేపల గంపలు మోసి మోసి అలా దిగిపోయిన భుజం.

"అక్కా, భుజం సక్కగ జెయ్యవా? ఎవలన్న గుర్తువడ్తరు."

మణక్క వెంటనే కుంచె అందుకుంది. "జేస్త. నీ బొమ్మ, నీ ఇష్టం. గని అప్పుడు వాడు నువ్వు గాదురా, ఎవడో."

ఆమె రంగు కలుపుతుంటే బొమ్మను మళ్లీ చూశాను. ఎంత సంతోషంగా ఉన్నాడో వాడు! అంత సంతోషంగా నన్ను నేనెన్నడూ చూసుకోలేదు. "ఉండనియ్యక్కా" అన్నాను.

నగరంలో ప్రదర్శన పెట్టినప్పుడు ఆ బొమ్మ పేపర్లో పడింది. కొన్నాళ్లకు అమ్మ, చేపలు చుట్టడానికి కొన్న పాత పేపర్లలోంచి ఒక కాగితం మడిచి కొంగులో దాచుకొచ్చింది. ఆమెకు చదవడం రాదు.

"ఇది నువ్వే గదరా?"

కాగితం విప్పి చూశాను, నా బొమ్మే.

"మొఖం లేకుంటే గుర్తువట్టననుకున్నవా? నా గంప మోసిన భుజం నాకు తెల్వదా?"

ఏడుస్తూనే ఉన్నదంతా చెప్పాను. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను భయపడ్డదే అయిందనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే బండి తీయమంది. నేరుగా షెడ్డుకు వచ్చి, చేపల సంచి మణక్క చేతిలో పెట్టింది.

"నా కొడుకు బొమ్మల మస్తు ఎగురుతుండు బిడ్డా. మొఖం గూడ ఎయ్యి. దొంగతనం జేసినోని లెక్క ఎనుకకు తిరిగి ఎందుకు నిలవడాలె?"

మణక్క ఎప్పటిలాగే నావైపు తిరిగింది. "నువ్వు జెప్పురా. మొఖమా, ఈపా?"

"మొఖమే అక్కా."

ఆ రెండో బొమ్మ మా ముందుగదిలో ఉంది. అందులోనూ కుడి భుజం వాలే ఉంది. ఇప్పుడెవరు ఫోటో తీసినా ఆ భుజాన్ని నేను సరిచేసుకోను.