ఊపిరి గొట్టానికి బిరడా

జూలై మొదటి వారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు క్యాంపులో దిగాను. టేకులపల్లి దాటి చాలా దూరం వచ్చాక తారు రోడ్డు వదిలి పద్దెనిమిది కిలోమీటర్ల ఎర్రమట్టి దారి. సగం దూరంలో వాగు. వాగులోకి దిగే ముందు ఒక ఎత్తు, రెండు పక్కలా టేకు చెట్లు. క్యాంపు అంటే ముళ్ళకంచె, ఇసుక బస్తాల గోడ, ఆరు రేకుల షెడ్లు. నా సామాను: రైఫిల్, రెండు జతల యూనిఫాం, వాన కోటు, దోమతెర, పద్నాలుగు కిలోల పనిముట్ల పెట్టె. నేను సాయుధ పోలీసు బలగంలో బండ్ల మెకానిక్‌ని. యుద్ధం గురించి చెబుతాననుకుంటే ఇక్కడే ఆపండి. ఆ పదిహేను నెలల్లో నేను ఎక్కువగా చూసింది మురికి నూనె.

క్యాంపుకు ఒకటే బండి. పొడుగు జీపు, డీజిల్. రేషన్‌కు అదే, అంబులెన్స్‌కు అదే. మొదటి రోజే ఇంజిన్ మీది నూనె మూత విప్పాను. మూత లోపల వేలు మందాన తెల్లటి జిగురు. పాడైపోయిన వెన్నలా ఉంది. పుల్లటి వాసన.

ఆ జిగురు ఎందుకు వస్తుందో చెబుతాను. ఇంజిన్‌లో మంట మండినప్పుడు కొంత పొగ పిస్టన్ రింగుల పక్క నుంచి జారి, కింద నూనె ఉండే అరలోకి వస్తుంది. ఆ అరను క్రాంక్ కేస్ అంటారు. ఆ పొగ బయటపడటానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. మేము ఊపిరి గొట్టం అనేవాళ్ళం. పొగతో పాటు నూనె తుంపర, నీటి ఆవిరి కూడా దాంట్లోంచే పోవాలి. మా జీపు రోజూ బోరింగు దాకా మూడు కిలోమీటర్లు పోయి వచ్చేది. వానాకాలం. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసేవాళ్ళు. ఆవిరి లోపలే నీరై, నూనెలో కలిసి, ఆ వెన్నగా మారేది. గొట్టం మూడొంతులు పూడుకుపోయింది. నాకు ముందు రెండేళ్ళుగా ఎవరూ దాన్ని విప్పలేదు. రికార్డులో మాత్రం ప్రతి నెలా 'శుభ్రం చేయబడినది' అని సంతకం.

రెండు రోజులు కడిగాను. గొట్టంలో చువ్వ దూర్చి లాగితే నల్లటి పేడలాంటిది వచ్చింది. గోళ్ళ కింద చేరింది. అన్నం కలిపితే అన్నం అదే వాసన. వంటవాడు నన్ను దూరంగా కూర్చోమన్నాడు.

నూనె తుంపర ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పోకుండా ఒక డబ్బా తయారు చేశాను. ఖాళీ పాలపొడి డబ్బా, లోపల జల్లెడ, గిన్నెలు తోమే స్టీలు పీచు. పొగ డబ్బాలోంచి పోతుంది, నూనె పీచుకు తగిలి అడుగున దిగుతుంది. ప్రతి శనివారం విప్పితే టీ గ్లాసుడు రొచ్చు. వారానికి రెండుసార్లు ఇంజిన్ బాగా వేడెక్కేదాకా బండిని తారు రోడ్డు వరకు తిప్పమన్నాను. ఆగస్టు చివరికి మూత కింద వెన్న పోయింది.

బోరింగు దగ్గర పక్క గూడెం ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకునేవాళ్ళు. వాళ్ళలో జోగమ్మ ఒకతి. ముప్పై ఏళ్ళుంటాయి. మాటకు భయపడేది కాదు. నేను చేతులు కడుక్కుంటుంటే ముక్కు మూసుకునేది.

"ఏంది సారూ, నీ దగ్గర మురిగిన నూనె వాసనొస్తది. మీ ఇంట్ల ఆమె ఎట్ల రానిస్తది నిన్ను?"

"రానియ్యదనే గిక్కడికొచ్చిన," అనేవాణ్ణి.

సెప్టెంబరులో తనిఖీ వచ్చింది. పై అధికారి వస్తున్నాడు. మూడు రోజులు రాళ్ళకు సున్నం కొట్టించారు. జీపు టైర్లకు నల్ల రంగు వేయించారు. ముందురోజు సాయంత్రం అయిదింటికి రవాణా హవల్దారు షెడ్డుకు వచ్చాడు. బండ్ల మీద అధికారం ఆయనదే. బానెట్ ఎత్తి చూశాడు.

"ఏందిది? డబ్బా గిట్ల వేలాడుతుంది?"

"నూనె పట్టే డబ్బా, హవల్దార్ సాబ్."

"రూల్‌ల ఉన్నదా గిది?"

"లేదు."

"మరి తీసెయ్. గొట్టం చివర చుక్క కారొద్దు. మూసెయ్."

"మూస్తే లోపల ప్రెషర్ పెరుగుతది సాబ్. నూనె ఎటు సందు దొరికితే అటు తన్నుకొస్తది."

"రేపు బండి గజం గూడ కదలదు. సార్ చూస్తడు, పోతడు. పోయినంక నీ డబ్బా నువ్వు పెట్టుకో."

నేనే వెదురు ముక్క చెక్కాను. నేనే బిరడా కొట్టాను. పైన క్లిప్పు బిగించాను. ఆయన నిలబడి చూశాడు.

మర్నాడు పదకొండింటికి అధికారి వచ్చాడు. తెల్ల రుమాలు తీసి ఇంజిన్ మీద రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. "శభాష్" అన్నాడు. భోజనంలో కోడికూర.

పన్నెండు యాభైకి గేటు దగ్గర అరుపులు. జోగమ్మ అన్న ముత్తయ్య, ఇంకో నలుగురు. మంచం మీద జోగమ్మ. నాటు వేస్తుంటే రక్తపింజర కరిచింది, ఎడమ కాలి మడమ పైన. అరగంటయింది. కాలు అప్పటికే మోకాలి దాకా ఉబ్బింది.

"సారూ, జల్దీ దవాఖానకు తోల్కపోండి. మీ కాళ్ళు మొక్కుత," అన్నాడు ముత్తయ్య.

అధికారి చేయి కడుక్కుంటూ నా వైపు తిరిగాడు. "బండి ఫిట్టేనా?"

హవల్దారు నా కళ్ళలోకి చూశాడు. బిరడా తీసి డబ్బా పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు. ఒక్క మాట చెబితే చాలు.

"ఫిట్ సార్," అన్నాను.

ఒంటిగంటా పదికి బయలుదేరాం. డ్రైవరు, నేను, ముత్తయ్య, వెనక మంచం మీద జోగమ్మ. డ్రైవరు మధిర వైపు మనిషి. మా వెనకే అధికారి బండి. ఆయన చూస్తుండగా ఆపి బానెట్ ఎత్తలేను. ఏడో కిలోమీటరు దగ్గర ఆయన బండి వేరే దారి పట్టింది.

"ఆపు తమ్మీ. ఇంజిన్ల ఒక పనుంది."

"అన్నా, పైన వాన పడింది. వాగు పెరుగుతా ఉంది. దాటినాక ఆపుతాను," అన్నాడు. అతను అన్నది నిజమే. దాటాం. నీళ్ళు బండి మెట్టు దాకా వచ్చాయి. దాటాక ఎత్తు. అక్కడ ఆపితే చక్రాలు బురదలో దిగుతాయి. పైకి పోనిమ్మన్నాను.

సగం ఎత్తులో ఇంజిన్ అరిచింది. డ్రైవరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. అరుపు ఆగలేదు. వెనక తెల్లటి పొగ, చెట్లు కనిపించనంతగా.

"తాళం తీసేసినా ఆగట్లేదన్నా!"

నాకు అర్థమైంది. ఊపిరి పోయే దారి లేక లోపలి ఒత్తిడి నూనెను, ఇంజిన్‌కు గాలి ఊదే టర్బోలోంచి గాలి గొట్టంలోకి తోసింది. ఇంజిన్ ఇప్పుడు డీజిల్ మీద నడవటం లేదు. తన నూనెను తానే తాగి మండుతోంది. తాళంతో అది ఆగదు. గాలి ఆపాలి.

"పెద్ద గేర్ల వెయ్యి! బ్రేక్ తొక్కు!"

క్లచ్ కాలిన కంపు వచ్చింది గానీ ఇంజిన్ ఆగలేదు. దూకి బానెట్ ఎత్తాను. నూనె కొలిచే కమ్మీ ఎగిరిపోయింది. ఆ రంధ్రంలోంచి వేడి నూనె నా ముఖం మీద, ఛాతీ మీద చిమ్మింది. గాలి గొట్టం పీకి, పనిముట్ల పెట్టె మూతకు వాన కోటు చుట్టి దాని నోటికి అదిమాను. ఇంజిన్ కోటును లోపలికి లాక్కుంది. దగ్గింది. చచ్చింది.

తర్వాత నిశ్శబ్దంలో జోగమ్మ మూలుగు వినిపించింది. టైం ఒకటీ నలభై అయిదు.

వైర్‌లెస్ తీశాను. "జీపు పోయింది. పేషెంట్ ఉంది. ఇంకో బండి పంపండి."

"సార్ బండి ఒక్కటే ఉంది. పిలుస్తున్న. లైన్ల దొరుకుతలేడు," అన్నాడు ఆపరేటర్.

"వాగు ఎట్లుంది?"

"వాగు ఈ ఒడ్డున కాపలా ఉన్నోళ్ళు వైర్‌లెస్‌ల చెప్పిండ్రు. ఇగ ఎవ్వరు దాటలేరు."

తారు రోడ్డు ఇంకా ఎనిమిది కిలోమీటర్లు. మంచం ఎత్తుకున్నాం. ముందు ముత్తయ్య, డ్రైవరు. వెనక నేనొక్కణ్ణే. చినుకులు మొదలయ్యాయి. నా అరచేతుల్లో నూనె, మంచం కోడు జారిపోయేది. బట్ట చుట్టుకున్నా జారేది. మూడుసార్లు దించాం. జోగమ్మ చిగుళ్ళ నుంచి రక్తం కారింది. ఒకసారి కళ్ళు తెరిచింది.

"బండేమాయె సారూ?"

"చెడిపోయింది."

"గంత కడిగితివి గదా," అంది.

చేతికి బట్ట మళ్ళీ చుట్టి కోడు పట్టుకున్నాను.

నాలుగుంబావుకు తారు రోడ్డు. సారపాక మిల్లుకు నీలగిరి కర్ర తోలే లారీ ఆగింది. లారీ డ్రైవరు ఏమీ అడగకుండా ముందు సీటు ఖాళీ చేయించాడు. ఆరింటికి ముందే దవాఖానలో ఆమెకు విషం విరుగుడు సూది పడింది.

జోగమ్మ బతికింది. పదకొండో రోజున ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

విచారణలో నేను ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను. బిరడా ఎవరు వేయమన్నారో, ఎవరు వేశారో, ఫిట్ అని ఎవరన్నారో. ఫైలు తిరిగొచ్చినప్పుడు నా కాగితం అందులో లేదు. 'వాహనం పాతబడినందున' అని ఒక్క లైను ఉంది. హవల్దారు మంచి తనిఖీ చేయించినందుకు మెచ్చుకోలు పత్రం తీసుకున్నాడు. ఆ రోజు పరేడ్‌లో నన్ను కూడా చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాను. ఆ చప్పుడు తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

క్యాంపు వదిలే ముందు గూడెం పోయాను. జోగమ్మ వాకిట్లో కూర్చుని చేట చెరుగుతోంది. బిరడా సంగతి చెప్పాను. 'ఫిట్' అన్న సంగతి చెప్పాను. ఆమె చేట ఆపలేదు.

"అవ్. గా దినమే చెప్తే అయిపోతుండె గదా," అంది. మళ్ళీ నా వైపు చూడలేదు.

ఇప్పుడు ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. మా వీధిలో కార్లు పిల్లల బడి దాకా రెండు కిలోమీటర్లు పోయి వస్తాయి. మూత విప్పి చూడండి, తెల్లగా ఉంటే ఊపిరి గొట్టం కడిగించండి, వారానికోసారి బాగా వేడెక్కేదాకా నడపండి, నూనె గీత దాటి పోయకండి అని చెబుతుంటాను. కొందరు వింటారు. కొందరు చుక్క కారుతోందని గొట్టం కట్టేయమంటారు. వాళ్ళ బండి ముట్టను.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆమెను లారీ ఎక్కించేటప్పుడు ఆ ఉబ్బిన పిక్క కింద చేయి పెట్టి ఎత్తింది నేను. చేయి తీశాక దాని మీద నా అయిదు వేళ్ళు నల్లగా, స్పష్టంగా పడి ఉన్నాయి. వాన చినుకులు ఆ నూనె మీద నిలవకుండా జారిపోతున్నాయి. ఆ కాలు ఇప్పుడు లేదు. ఆ వేళ్ళు కళ్ళు మూసినా కనిపిస్తాయి.